హాతీరాం క్యాసెట్‌లో ఆరు గంటల కూత

వెంకటరామారావు చెప్పులు విడవకుండానే స్టూడియోలోకి వచ్చేశాడు.

బూర్గంపాడులోని తుల్జా ఫోటో స్టూడియో గుమ్మం పక్కనే భవాని పటం ఉంటుంది. అందుకని చెప్పులు బయట విడిచి రావడం అందరికీ అలవాటు. వెంకటరామారావుకైతే మరీను. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇక్కడ పొగాకూ మిరపా వేసి నిలదొక్కుకున్న రైతు, మర్యాద తెలిసిన మనిషి. ఆయన కూతురు ప్రమీలారాణి పెళ్లికి వీడియో తీసింది హాతీరామే, ఇంకా నెల కూడా కాలేదు. అలాంటి మనిషి చెప్పులతో లోపలికొచ్చాడంటే క్యాసెట్‌లో ఏదో తేడా జరిగిందని హాతీరాంకి తెలిసిపోయింది. ఏం తేడానో మాత్రం అంతుపట్టలేదు.

"ఏమయ్యా, మా అమ్మాయికి తాళి ఎన్నింటికి కట్టారు?"

"ముహూర్తానికే కద సార్ కట్టింది?"

"ముహూర్తం తెల్లవారి అయిదూ నలభై ఎనిమిది. ఆరు నుంచి వర్జ్యం. మరి నీ క్యాసెట్‌లో ఆరూ ఇరవై నాలుగని ఎందుకు పడింది?"

బొమ్మలో కుడివైపు కింది మూలన తెల్లటి అంకెలు పడతాయన్నది నిజమే. వాటిని ఎవరైనా చదువుతారని మాత్రం హాతీరాం ఎన్నడూ అనుకోలేదు.

చదివింది పెళ్లికొడుకు నాయనమ్మ సీతారావమ్మ. పెళ్లికొడుకు వెంకటప్పయ్య సారపాక కాయితాల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి. అక్కడే క్వార్టర్లో నాయనమ్మతో ఉంటాడు. పెళ్లి క్యాసెట్ వేసుకుని చూసిన ఆ పెద్దావిడ, తాళి కట్టే చోట అంకెలు చదివి టీవీ ఆపేయమంది. వర్జ్యంలో కట్టింది తాళి కాదు, మంచి రోజు చూసి మళ్లీ కట్టాలి, అప్పటిదాకా పిల్ల మా గడప తొక్కడానికి వీల్లేదు అని కబురు చేసింది. పదహారు రోజుల పండక్కి పుట్టింటికొచ్చిన ప్రమీలారాణిని తీసుకుపోవడానికి వెంకటప్పయ్య రాలేదు. కట్టిన తాళి తీసి మళ్లీ కట్టడం మా ఇంటా వంటా లేదని వెంకటరామారావూ భీష్మించుకున్నాడు.

"పంతులు గారు చెప్పొచ్చు గద సార్?"

"చెప్పాడు. పంతులు మీ మనిషేగా అంది. నా చేతి వాచీలో టైము చూశానమ్మా అన్నాను. వాచీ కూడా మీదేగా అంది. ఇక చెప్పడానికేముంది? ఇంకో పది రోజుల్లో ఆషాఢం. ఆషాఢం వచ్చిందంటే కొత్త కోడలు ఎలాగూ పుట్టింట్లోనే ఉండాలి. శ్రావణం దాకా అది ఇక్కడ, వాడక్కడ. ఈలోగా ఊళ్లో నోళ్లు ఊరుకుంటాయా?" అప్పుడాయన కాళ్ల వైపు చూసుకుని, చెప్పులు విడిచి, ఒక్కొక్కటిగా గుమ్మం బయట పెట్టి వచ్చాడు. "నీ అంకెలు తెచ్చిన తంటా ఇది. నువ్వే తీర్చాలి."

హాతీరాం జీవితంలో అంకెలు తెచ్చిన మొదటి తంటా ఇదే. అంతకుముందు ఆయనది అంకెలతో పనిలేని బతుకు. పుట్టింది ఇల్లందు దగ్గర తండాలో. బొగ్గుబాయిలో పనిచేసే తండ్రి కొడుకునీ బాయిలోనే దింపుదామనుకున్నాడు. కానీ హాతీరాం కొత్తగూడెంలో ఒక స్టూడియో చీకటి గదిలో, ఎర్ర బల్బు కింద, తొట్టిలోని నీళ్లలో తెల్ల కాయితం మీద ఒక ముసలాయన మొహం మెల్లమెల్లగా తేలి రావడం చూశాడు. చూసి ఇక అక్కడే ఉండిపోయాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాడు చేస్తూ, తిట్లు తింటూ నేర్చుకున్నాడు. తరవాత బూర్గంపాడులో సొంత స్టూడియో పెట్టాడు. భుజాన మోసే పెద్ద వీడియో కెమెరా కొన్నాడు. తొంభై ఆరులో మద్రాసు పోయి బర్మా బజారులో, అరచేతిలో ఇమిడే చిన్న కెమెరా తెచ్చుకున్నాడు. అందులో పడే క్యాసెట్ సిగరెట్ పెట్టె కంటే పెద్దది కాదు. పెట్టెలో ఉండాల్సిన పుస్తకం లేదు. ఏ బటన్ ఏం చేస్తుందో నొక్కి చూసే తెలుసుకున్నాడు. అలా నొక్కుతుంటే ఒకరోజు మూలన తేదీ, టైమూ ప్రత్యక్షమయ్యాయి. వాటిని మాయం చేయడం ఎలాగో కనిపెట్టేలోపే అవి జనానికి నచ్చేశాయి. టైము వేసే ఫారిన్ కెమెరా హాతీరాం దగ్గరే ఉందని అటు దుమ్ముగూడెం నుంచి కూడా పెళ్లిళ్లు వచ్చాయి. ఇక వాటిని తీసేయాలన్న ఆలోచనే రాలేదు.

ఆ టైము ఎక్కడిదంటే, ఇంట్లో గోడ గడియారానిది. ఆ గడియారం ముల్లు తిప్పేది ఆయన భార్య జమ్లి. మొగుడు పెళ్లిళ్లకు ఆలస్యం చేసినప్పుడల్లా ఆమె దాన్ని కొంచెం ముందుకు జరుపుతుంది. ఇంట్లో అందరూ మనసులోనే కొంత తీసేసుకుని టైము చదువుకుంటారు.

మధ్యాహ్నం అన్నానికి వెళ్లినప్పుడు అడిగాడు. "గడియారం ఎంత ముందున్నది?"

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాదే, నేను కెమెరాల టైము పెట్టినప్పుడు."

"నువ్వు ఎప్పుడు పెట్టినవో నాకేమెరుక?"

"ఉగాది ముందల."

జమ్లి కూర గిన్నె దించి ఆలోచించింది. "ఉగాది ముందల పావుగంట. కాదు, అప్పటికే నీకు దుమ్ముగూడెం బస్సు తప్పె గద, ఇంకో పది తిప్పిన. ఆగు, అది ఉగాది ముందలనా తర్వాతనా?"

"నన్నడుగుతవేందే?"

"మరి బస్సు తప్పింది నీకు గద."

ఇరవై అయిదా, ముప్పయ్యా, నలభయ్యా? ఇరవై అయిదు అయితే తాళి ఆరింటికి ఒక్క నిమిషం ముందు పడింది. ఇరవై అయితే ఆరూ నాలుగుకి, అంటే పెద్దావిడ చెప్పిందే నిజం. ముప్పై ఆరు అయితే పంతులు చెప్పిందే నిజం. హాతీరాం అన్నం కలిపిన చేతి వేళ్లతోనే కంచం అంచు మీద కూడికలు, తీసివేతలు చేశాడు. చేసినకొద్దీ పెళ్లి ఇంకో టైముకి జరుగుతోంది.

సాయంత్రం మళ్లీ స్టూడియోకి వచ్చిన వెంకటరామారావు సూటిగా తేల్చేశాడు. "లెక్కలొద్దు. ఆ అంకెలు తీసేసి కొత్త క్యాసెట్ ఇవ్వు. మొదటిది తప్పు పడిందని చెబుదాం."

బొమ్మలో పడ్డ అంకెల్ని తీయడం, ముక్కలు కోసి కలిపే మామూలు మిక్సింగులో అయ్యే పని కాదు. కానీ ఖమ్మంలో కంప్యూటర్ మిక్సింగ్ వచ్చిందనీ, అందులో ఉన్నవాళ్లని లేకుండా, లేనివాళ్లని ఉన్నట్టుగా చేస్తున్నారనీ హాతీరాం విన్నాడు. మర్నాడు కెమెరా సంచి భుజాన వేసుకుని, పాల్వంచ, కొత్తగూడెం మీదుగా ఖమ్మం చేరాడు. అదృష్టం ఏమిటంటే, పెళ్లినాటి చిన్న క్యాసెట్ అలాగే ఉంది. ఆయన ఎప్పుడూ దాన్ని పెద్ద క్యాసెట్‌లోకి ఎక్కించి, పెళ్లివారికిచ్చి, చిన్నదాని మీద తరవాతి పెళ్లి తీసేస్తాడు. ఈసారి తరవాతి పెళ్లి ఇంకా దొరకలేదు.

బస్టాండు వెనక సందులో, మేడ మీద, ఒక గదికి మాత్రమే చల్లటి మిషను ఉంది. ఆ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు జంపయ్య. దుమ్ముగూడెం అవతల కోయ పల్లె వాడు, హాస్టల్లో చదువుకుని, ఖమ్మంలో కోర్సు చేసి ఇక్కడ ఆపరేటర్‌గా కుదిరాడు. హాతీరాం సంగతంతా చెప్పాడు. జంపయ్య విని తల గోక్కున్నాడు.

"అంకెలు ఊడబెరకరాదన్నా. వాటి మీద ఏదన్నా అంటించాలె. పూలగుత్తి పెడదాం, కొత్తగ ఉంటది."

"పెట్టు మరి."

"గట్ల పెట్టరాదు. ముందుగాల టేపుల ఉన్నది కంప్యూటర్లకు రావాలె. దీనికి టేపు సమజ్ కాదు. దాన్ని ఫైలుగ మార్చాలె."

"మార్చుడంటే? క్యాసెట్ దాని లోపల పెడ్తవా?"

"లోపల పెట్టుడు లేదు. నీ కెమెరాల టేపు నడుస్తనే ఉండాలె. ఇది చూస్కుంట రాస్కుంటది."

"గంటన్నర పెళ్లి ఉన్నది."

"గంటన్నర చూస్తది."

"అంటే ఇది కూడ మనలెక్కనే కూసోని పెళ్లి చూస్తదన్నట్టు."

"అవ్. గని తొమ్మిది నిమిషాలైతే ఫైలు నిండిపోతది. ఆపి ఇంకో ఫైలు మొదలుపెట్టాలె."

హాతీరాంకి ఇంకో అనుమానం వచ్చింది. అడగడానికి సిగ్గుపడ్డాడు గానీ ఉండబట్టలేకపోయాడు. "తమ్మీ, బొమ్మ గటు పోతే గిటు ఉంటదా? క్యాసెట్ ఖాళీ అయితదా?"

జంపయ్య నవ్వలేదు. ఈ కుర్చీలో కూర్చున్న మొదటి నెలలో తనకీ అదే అనుమానం. "ఉంటదన్నా. గటూ ఉంటది, గిటూ ఉంటది."

"రెండూ ఒక్కటేనా?"

"ఒక్కటే."

జంపయ్య పసుపుపచ్చ వైరు తీసి కంప్యూటర్ వెనక ఒక చోట గుచ్చాడు, అది బొమ్మకి. తెల్లదీ ఎర్రదీ కలిపి ఇంకో చోట గుచ్చాడు, అవి సౌండుకి. బొమ్మ కార్డు వేరు, సౌండు కార్డు వేరు, రెండూ ఒకే డబ్బాలో ఉంటాయని చెప్పాడు. కెమెరా తిరగడం మొదలైంది. కంప్యూటర్ తెరలో చిన్న కిటికీలో పెళ్లివారు కదిలారు. మొదటి తొమ్మిది నిమిషాలు గౌరీపూజకి అయిపోయాయి. రెండో తొమ్మిది నిమిషాలు జీలకర్ర బెల్లం దాకా. మూడో ఫైలులో తాళి వస్తుంది. ఒక్కో ఫైలు అవగానే హాతీరాం కెమెరాకి కన్ను ఆనించి, కొంచెం వెనక్కి తిప్పి, గౌరీపూజ ఇంకా లోపలే ఉందా లేదా చూసుకున్నాడు. ఉంది.

మూడో ఫైలు వేశారు. హాతీరాం తను తీసిన పెళ్లిని దాని సొంత చప్పుడుతో వినడం నిజానికి అదే మొదలు. ఎందుకంటే పెద్ద క్యాసెట్‌లోకి ఎక్కించేటప్పుడు ఆయన బొమ్మ వైరు కెమెరా నుంచి, సౌండు వైరు టేప్‌రికార్డర్ నుంచి తీసుకుంటాడు. అందరి పెళ్లిళ్లలోనూ ఒకే సన్నాయి మోగుతుంది. ఎవరూ కాదనరు. ఇప్పుడు వింటుంటే ఎవరో అక్షింతల పళ్లెం ఏదంటున్నారు, ఒక పసిపిల్ల ఏడుస్తోంది, వెంకటరామారావు ఎవరినో విసుక్కుంటున్నాడు. పంతులు తాళిబొట్టు పళ్లెంలో పెట్టి అందరిచేతా తాకిస్తున్నాడు.

మేళం మోగింది. అప్పుడు దూరంగా, సన్నగా మొదలై లావెక్కుతూ, ఒక కూత.

హాతీరాం కుర్చీలో ముందుకు వంగాడు. ఆ కూత బూర్గంపాడు, సారపాకల్లో పుట్టిన పసివాడికైనా తెలుసు. ఫ్యాక్టరీ వాళ్ల ఆరింటి కూత. వెంకటరామారావు ఇల్లు ఫ్యాక్టరీ వైపు పొలాల్లోనే ఉంది. ఆ కూతనిబట్టే ఇళ్లల్లో పొయ్యిలు వెలిగిస్తారు, బస్సుకి బయల్దేరతారు. తెరలో మాత్రం తాళి ఇంకా పళ్లెంలోనే ఉంది. వెంకటప్పయ్య ఇంకా లేచి నిలబడనే లేదు. కూత మొదలయ్యాకే లేచాడు, వంగి తాళి కట్టాడు.

"అంటే ఆరు దాటినంకనే కట్టిండ్రు," అన్నాడు హాతీరాం మెల్లగా. "పెద్దామెనే కరెక్టు."

జంపయ్య ఆ ముక్క ఇంకోసారి వేసి చూశాడు. తరవాత, "ఏమైతదన్నా, సౌండు తీసేసి నీ సన్నాయి వేద్దాం. అంకెల మీద పూలగుత్తి. ఎవరికి తెలుస్తది?" అన్నాడు.

ఎవరికీ తెలియదు. అదే హాతీరాంకి నచ్చలేదు. టీ తాగొస్తానని మెట్లు దిగి, సందు చివర నిలబడ్డాడు. టీ చెప్పలేదు. అబద్ధంగా పడ్డ అంకెను చెరపడానికని వచ్చాడు తను. ఇప్పుడు చూస్తే చెరపబోయేది నిజాన్నేమో. ఆ పిల్ల ఆ ఇంటికి వెళ్లాక ఏ చెడు జరిగినా, తలనొప్పి వచ్చినా, తన పూలగుత్తే గుర్తొస్తుంది. పోనీ నిజం చెబితే? వెంకటరామారావు రెండో తాళి కట్టనివ్వడు, ఆవిడ కట్టకుండా రానివ్వదు, పిల్ల మధ్యలో ఉండిపోతుంది. ఇంతకీ ఆ పొద్దున తను అక్కడే, కెమెరా వెనక, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు గదా. కూత ముందా తాళి ముందా? చెవులు తనవే, గుర్తు మాత్రం లేదు. కన్ను పనిచేస్తున్నప్పుడు ఆయనకి చెవి వినపడదు.

తిరిగి మేడెక్కి, ఇంకోసారి చూద్దామని కెమెరాలోనే టేపు వెనక్కి తిప్పి, చెవిలో పెట్టుకునే వైరు గుచ్చుకుని, చిన్న కంతలోంచి చూశాడు. పళ్లెం, అక్షింతలు, పసిపిల్ల. వెంకటప్పయ్య లేచాడు, మేళం మోగింది, వంగి ఒక ముడి వేశాడు.

అప్పుడు కూసింది.

హాతీరాం వైరు చెవిలోంచి పీకాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తిప్పి చూశాడు. ముడి, ఆ తరవాత కూత.

"జంపయ్యా, నువ్వు ఏమో నొక్కినవ్."

"నేనేం నొక్కలే."

"మరి కెమెరాల తాళి ముందు పడ్తున్నది, నీ దాంట్ల కూత ముందు వస్తున్నది. రెండూ ఒక్కటే అంటివి గద?"

జంపయ్య కూడా చెవిలో వైరు పెట్టుకుని చూశాడు. తెర మీద చూశాడు. మళ్లీ కెమెరాలో చూశాడు. "అరె," అన్నాడు. ఆ తరవాత చాలాసేపు అదొక్కటే మాట, వేర్వేరు రకాలుగా అన్నాడు.

"ఏది నమ్మాలె?"

"కంప్యూటర్ తప్పు చేయదంటరన్నా."

"నా టేపు మాత్రం తప్పు ఎందుకు చేస్తది? అది ఉన్నదే చూపిస్తది కద?"

"మరి నీ అంకెలు?"

ఇద్దరూ ఫైలుని చివరిదాకా అలా పోనిచ్చారు. చివర్లో ఎవరో పెద్దాయన మండపం మెట్టు మీద కొబ్బరికాయ కొట్టడానికి చెయ్యెత్తాడు. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, కాయ పగిలిన చప్పుడు మాత్రం టప్పున వచ్చేసింది. ఆ తరవాత ఎప్పటికో చెయ్యి కిందికి దిగి, చప్పుడు లేకుండా కాయ రెండుగా విడిపోయింది.

హాతీరాం జంపయ్య వైపు చూశాడు. జంపయ్య హాతీరాం వైపు చూశాడు.

"కొట్టకముందే పలిగిందేందిరా?"

జంపయ్య గబగబా ఫైలు మొదటికి పోయాడు. మొదట్లో పంతులు గంట ఊపితే గంట, చప్పుడూ ఒకేసారి వస్తున్నాయి. మధ్యలో చప్పుడు కాస్త ముందు. పోనుపోను ఇంకా ముందు. అప్పుడతను కుర్చీలోంచి లేచి, డబ్బా మీద అరచేత్తో ఒకటి వేశాడు. "సమజైందన్నా! బొమ్మకో కార్డు, సౌండుకో కార్డు గద. దేని గడియారం దానిదే. సౌండు కార్డు అగ్గువకు కొన్నది, నడుమ నడుమ ముక్కలు మింగేస్తున్నది. మింగినకొద్దీ మిగిలింది ముందుకు జరుగుతున్నది. తొమ్మిది నిమిషాలకు పది పన్నెండు సెకండ్లు."

"నువ్వు గిన్ని పెళ్లిళ్లు చేసినవ్ గద, ఎన్నడూ చూడలేదా?"

జంపయ్య కొంచెం సిగ్గుపడ్డాడు. "అన్నిట్ల సౌండు తీసేసి పాటలు వేసుడే గదన్నా."

హాతీరాంకి తన టేప్‌రికార్డర్ సన్నాయి గుర్తొచ్చింది.

సాయంత్రానికి వెంకటరామారావు ఇంటికి చేరి, పూలగుత్తి లేకుండా వచ్చానని చెప్పాడు. కూత సంగతి చెప్పాడు. వెంకటరామారావు మొహం విప్పారింది. "అయితే అంకెలు కప్పేసి, కూత ఉంచి, కొత్త క్యాసెట్ చేయలేకపోయావా?"

"చేస్తే నమ్మదు సార్. అంకెలు దాచినోడు కూత తెచ్చి పెట్టలేడా అంటది. ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం. చిన్న క్యాసెట్, కెమెరా, అంకెలతోనే."

ప్రమీలారాణి గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా వింది. హాతీరాం వెళ్లబోతుంటే, "అన్నా, ఆయన నైట్ షిఫ్టు దిగి ఎనిమిదింటికల్లా నిద్రపోతారు. అంతకుముందే వెళ్లండి," అంది. వాళ్ల నాన్న అటు తిరిగి సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు.

మర్నాడు పొద్దున్నే హాతీరాం ఒక్కడే సారపాక క్వార్టర్‌కి వెళ్లాడు. సీతారావమ్మ గోడవారగా చాప మీద కూర్చుని ఉంది. కెమెరా వైర్లు టీవీకి గుచ్చుతున్నంతసేపూ ఆయన్ని కాదు, ఆయన వేళ్లని చూసింది.

"అంకెలు చెరిపి తెచ్చావా?"

"లేదమ్మా. ఉన్నయి. అవి తప్పు. మా ఇంటామె గడియారం ముందుకు తిప్పుతది, దాన్ని చూసి పెట్టిన."

"ఎంత ముందుకి?"

"అదే తెలుస్తలేదమ్మా."

"బాగుందయ్యా," అంది ఆవిడ. "నీ గడియారం నీకే తెలియదు. నాకేమో నీ క్యాసెట్టే దిక్కు. ఆ రోజు నేను మండపం దగ్గరికి రాలేదు, తెలుసా? పసుపు కుంకాలు పోయినదాన్ని, తాళి వేళకి ఎదురుగా ఉండకూడదని వెనక గదిలో కూర్చున్నాను. మేళం విన్నాను అంతే. కళ్లతో చూసింది నీ పెట్టెలోనే."

వెంకటప్పయ్య యూనిఫాంలోనే నిద్రకళ్లతో వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. తాతగారి పేరు పెట్టుకున్న మనవడు కావడంతో ఆవిడ పేరుతో పిలవదు. "అబ్బాయ్, చూడు," అంది.

టేపు తిరిగింది. పళ్లెం, అక్షింతలు, పసిపిల్ల ఏడుపు. మూలన ఆరూ ఇరవై నాలుగు. టీవీలోని వెంకటప్పయ్య వంగి మొదటి ముడి వేశాడు. కూత మొదలైంది. కుర్చీలోని వెంకటప్పయ్య వీపు ఒక్కసారిగా నిటారైంది.

"మా కూత! నాయనమ్మా, ఆరింటి కూత!"

"ఆరింటిదేనని ఏం నమ్మకం? మధ్యాహ్నం రెండింటికి కూయదూ?"

"మధ్యాహ్నం రెండింటికి నాకు పెళ్లి కాలేదే!"

"సరిగ్గా ఆరుకే కూస్తుందా?"

"ఏమో. అది కూస్తే లోపలికి పోతాం, కూస్తే బయటికొస్తాం. మా ఊపిరంతా దాని లెక్కే."

సీతారావమ్మ మళ్లీ వేయమంది. హాతీరాం వేశాడు. ఆవిడ చాప మీంచి టీవీ దగ్గరికి జరిగి, కళ్లజోడు పైకెత్తి చూసింది. "మొదటి ముడి కూతకి ముందు. రెండూ మూడూ కూత మొదలయ్యాక. ఒక ముడి ఇవతల, రెండు ముళ్లు అవతల. దీన్నేమనాలయ్యా?"

పంతుల్ని అడగాలా, పంచాంగాన్ని అడగాలా, ఎవరిని అడగాలో హాతీరాంకి తెలియలేదు. ఇంత దూరం వచ్చి ఇక్కడ, రెండు ముళ్ల మధ్య, పని ఆగిపోయింది.

"మా పెద్దాడి పెళ్లికి వరద," అంది సీతారావమ్మ, టీవీ వైపే చూస్తూ. "లాంచీ రాక మేము ఆలస్యం. పర్లేదులే అని వర్జ్యంలోనే కానిచ్చారు. ఆ పిల్ల ఏడాది తిరక్కుండా జ్వరంతో నా ఒళ్లోనే పోయింది. మళ్లీ ఇంకో పిల్ల నా ఒళ్లో... నేను భరించలేనయ్యా. అందుకు అడుగుతున్నాను. పంతానికి కాదు."

టేపు ఆగి ఉంది, వెంకటప్పయ్య చేతులు ప్రమీలారాణి మెడ వెనక సన్నగా వణుకుతూ నిలిచిపోయి ఉన్నాయి. అసలు వెంకటప్పయ్య వాటినే చూస్తున్నాడు.

"నాయనమ్మా," అన్నాడు. "నేను మొదటి ముడి వేసినప్పుడే అయిపోయింది. మిగతా రెండూ ఊడిపోకుండా వేశాను."

అని లేచి, మేకుకి తగిలించిన స్కూటర్ తాళం తీసుకున్నాడు.

"ఎక్కడికి రా?"

"బూర్గంపాడు."

"ఇవాళ మంగళవారం! మంగళవారం ఆడపిల్లని గడప దాటిస్తారటరా ఎవరైనా?"

వెంకటప్పయ్య తలుపు దగ్గర ఆగి, ఆవిడన్న మాట విన్నాడో లేదో అన్నట్టు చూశాడు. విన్నాడు. "అయితే రాత్రికి అక్కడే ఉంటా. రేపు తీసుకొస్తా."

"రేపు ఎనిమిదిన్నర లోపల..." అని మొదలుపెట్టి, సీతారావమ్మ తనంతట తానే ఆగిపోయింది. చెయ్యి విసిరింది. "ఏదో ఒక వేళకి రండి. షిఫ్టు దిగి వచ్చావు, స్కూటర్ మెల్లగా నడుపు."

బయట స్కూటర్ మూడోసారికి స్టార్టయింది. హాతీరాం వైర్లు పీకబోయాడు.

"తీయకు," అంది ఆవిడ. "ఆ రోజు ఆ అంకె చూసి ఆపించేశాను. తరవాతది చూడనే లేదు. పోనీ ముందుకి."

టేపు నడిచింది. తలంబ్రాలు, నవ్వులు, ఎవరో తప్పుకోండి తప్పుకోండి అనడం. కింది మూలన తెల్లటి అంకెలు తమ తప్పు టైముతో మారుతూనే ఉన్నాయి. హాతీరాంకి వాటిని చూస్తే ప్రాణం చివుక్కుమంది. టీవీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అరచెయ్యి చాపి ఆ మూలను కప్పాడు.

"ఆ చెయ్యి తియ్యవయ్యా," అంది సీతారావమ్మ ముందుకు వంగి. "మెట్టెలు పెడుతున్నది అక్కడే."